ఆఫర్ లెటర్‌కు ముందూ తర్వాతా: సైబరాబాద్‌లో వాక్య ధ్యానం

హైదరాబాద్‌లో క్రైస్తవుల పాత చిరునామాలన్నీ నగరం నడుమా తూర్పునా ఉన్నాయి. సికింద్రాబాద్‌లో 1850 నాటి సెయింట్ మేరీస్, అబిడ్స్‌లో 1860ల నాటి సెయింట్ జార్జ్ చర్చి, గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. జీతాలిచ్చే కొత్త నగరం మాత్రం పడమట పుట్టింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి ఆ చుట్టుపక్కల రాళ్ల గుట్టలే ఎక్కువ. తర్వాత గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ వైపు అద్దాల మేడలు పరుచుకున్నాయి. లేఅవుట్లలో ఫుడ్ కోర్టుకు చోటుంది, జిమ్ముకు చోటుంది. చర్చికి స్థలం వదిలినవాళ్లు అరుదు. దాంతో ఆరాధన ఫంక్షన్ హాళ్లలోకి, స్కూలు ఆడిటోరియాల్లోకి, కమర్షియల్ కాంప్లెక్సుల పై అంతస్తుల్లోకి, ఫ్లాట్ల డ్రాయింగ్ రూముల్లోకి చేరింది. శనివారం రాత్రి రిసెప్షన్ పూలు ఇంకా ఊడ్చని హాల్లో, ఆదివారం పొద్దున్నే కుర్చీలు సర్ది కీబోర్డు వైర్లు బిగించుకునే కుర్రాళ్లు ఇక్కడ మామూలుగా కనిపిస్తారు.

ఈ విశ్వాసుల గురించి బయట మాట్లాడేవాళ్లు సాధారణంగా రెండు సంగతులే పట్టించుకుంటారు: సంఘం ఎంత పెద్దది, కానుకలు ఎన్ని. నాకు మూడోది ముఖ్యం. వీళ్లు బైబిలు ఎలా చదువుతున్నారు? పొద్దున్నే ఫోనులో చూసే ఆ నాలుగు వాక్యాలు, గృహ కూడికలో వినే సందేశం, ఆదివారం చెప్పే సాక్ష్యం కలిసి ఎలాంటి మనిషిని తయారు చేస్తున్నాయి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఐటీ కారిడార్‌లో వాక్యానికి కొరత లేదు. దేవుణ్ని అడగడం ఎలాగో ఈ ధ్యానం బాగానే నేర్పుతోంది. లోకాన్ని వద్దనడం ఎలాగో నేర్పడం లేదు. విశ్వాసం నిలకడ తేలేది ఆ రెండో చోటే.

వీళ్లలో చాలామంది ఇంట్లో మొదటి తరం ఉద్యోగులు. ఒంగోలు, గుంటూరు, ఖమ్మం, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కినవాళ్లు బోలెడు. ఇంట్లో అమ్మ నేర్పిన కుటుంబ ప్రార్థన, ఊరి చర్చిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, కాలేజీలో ఈయూ. పందొమ్మిదో శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి కట్టిన కీర్తనలు పల్లెలో నోటికొచ్చిన పిల్లే ఇక్కడికొచ్చాక గిటారు పాటలు పాడుతుంది, రెండూ దాని సొంతమే. యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా 1954లో ఏర్పడింది; దాని క్యాంపస్ శాఖలను మనవాళ్లు ఈయూ అనే పిలుస్తారు. హాస్టల్లో పొద్దున్నే క్వైట్ టైమ్, వారానికోసారి బైబిలు స్టడీ. ఆ స్టడీ పద్ధతి గట్టిది. వాక్యభాగంలో ఏముందో ముందు చూడాలి, ఎవరు ఎవరితో ఏ పరిస్థితిలో అన్నారో తర్వాత గ్రహించాలి, నాకేమిటన్న ప్రశ్న ఆఖరున అడగాలి. మొదటే మూడో ప్రశ్నకు గెంతితే సీనియర్ అన్న ఆపేవాడు. ఉద్యోగంలో చేరాక ఆ అన్న ఉండడు. నైట్ షిఫ్టు, క్యాబ్, రెండు గంటల ట్రాఫిక్ ఉంటాయి. మిగిలేది ఫోను.

ధ్యాన పుస్తకం తెలుగువాడికి కొత్తది కాదు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలే ఈ కోవవి: మద్రాసులో పనిచేసి జర్మనీకి తిరిగివెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746 ప్రాంతంలో హాలే పట్టణంలో వేయించిన క్రైస్తవ బోధ పుస్తకాలు. బైబిలు అచ్చు ఇంకా ఆలస్యమైంది. విశాఖపట్నంలో అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, కొత్త నిబంధన 1818లో వచ్చింది. షుల్జ్‌ను పంపిన హాలే భక్తి ఉద్యమంలోనే చదువుకున్న జింజెండార్ఫ్ ప్రభువు హెర్న్‌హూట్ అనే ఊళ్లో ఒక అలవాటు పెట్టాడు. 1728లో రోజుకో వచనం ఇంటింటికీ చెప్పించడం మొదలైంది. 1731 నుంచి ఏడాది మొత్తానికి పుస్తకంగా వేశారు. వచనాలను చీట్లు తీసి ఎంచే ఆ పుస్తకం నేటికీ ఏటా వస్తోంది. మన చర్చిల్లో డిసెంబరు 31 రాత్రి పంచే వాగ్దాన కార్డు, ఇంట్లో టీవీ పక్కన పెట్టుకునే వాగ్దానాల డబ్బా దానికి దూరపు చుట్టాలే. ఒక తేడా ఉంది. హెర్న్‌హూట్ జనం ఆ వచనాన్ని ఊరంతా ఒక్కటిగా మోశారు. మనం ఎవరి కార్డు వాళ్లం తీసుకుని, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం.

ఇరవయ్యో శతాబ్దిలో రెండు పుస్తకాలు రోజువారీ ధ్యానానికి రూపం ఇచ్చాయి. ‘ఎడారిలో సెలయేర్లు’ పేరుతో తెలుగు ఇళ్లలో నలిగిన పుస్తకానికి మూలం 1925లో వచ్చింది. లెట్టీ కౌమన్ అనే ఆవిడ మంచం పట్టిన భర్తకు సేవ చేసిన ఏళ్లలో పోగుచేసుకున్న మాటలవి. అచ్చయ్యేసరికి ఆయన లేడు. ఆస్వాల్డ్ చేంబర్స్ 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా ఈజిప్టులో సైనికుల మధ్య పనిచేస్తూ చనిపోయాడు. ఆయన ప్రసంగాలను భార్య షార్ట్‌హ్యాండ్‌లో రాసిపెట్టుకుంది. వాటిలోంచే 1927లో ఏడాది పొడుగునా చదివే పుస్తకం తయారైంది. రోగి మంచం దగ్గర, యుద్ధ శిబిరంలో పుట్టిన పుస్తకాలు. వాటినే ఇప్పుడు రాయదుర్గం మెట్రోలో నిలబడి, ప్రమోషన్ సైకిల్ గుండె దడ తగ్గడానికి చదువుతున్నారు. తప్పేం లేదు, కానీ ఆ రచయితలు బాధ తీరుతుందని మాటివ్వలేదన్న సంగతి పేజీ తిప్పేవాడికి తట్టాలి కదా. 2008 జులైలో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచిన రోజే అందులో ఉన్న యూవెర్షన్ బైబిలు యాప్ తర్వాత తర్వాత ఇంకో అలవాటు నేర్పింది: వరసగా ఎన్ని రోజులు చదివావో లెక్క చూపించడం. రోజు తప్పకుండా యాప్ తెరిచేవాళ్లు పెరిగారు. తెరిచినంత మాత్రాన చదివినట్టు కాదని ఏ యాప్ చెప్పగలదు?

వాగ్దాన వచనం సంగతి కాస్త నిదానంగా చూడాలి. కారిడార్‌లో అందరి నోటా నానే భాగం యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం: దేవునికి మన పట్ల మేలైన ఉద్దేశాలున్నాయని, ముందుకు మంచి రోజులున్నాయని భావం. ఇంటర్వ్యూకు ముందు, వీసా స్లాట్‌కు ముందు అదే వాట్సాప్‌లో వస్తుంది. ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం ఒక ఉత్తరం. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసి పంపాడు. తొందరపడి తిరిగి వస్తామనుకోకండి, డెబ్బై ఏళ్లు పడుతుంది, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి నగరం బాగు కోసం ప్రార్థించండి, మీ మధ్య అబద్ధాలు చెప్పే ప్రవక్తలను నమ్మకండి. 11వ వచనం ఆ సలహాల తర్వాత వస్తుంది. అంటే ఉత్తరం అందుకున్నవాళ్లలో చాలామంది ఆ మేలును కళ్లారా చూడకుండానే చనిపోయే లెక్క. వలస వచ్చి, ఈఎంఐ కట్టుకుంటూ, ఊరికి వెళ్లలేక, ఇక్కడివాడు కాలేక ఉన్న ఉద్యోగికి ఇంతకన్నా సూటిగా రాసిన అధ్యాయం బైబిల్లో నాకు కనిపించదు. మనం అందులో ఒక్క వాక్యం కత్తిరించుకుని మిగతా ఉత్తరాన్ని పక్కన పడేశాం.

తలగా ఉంటావు, తోకగా ఉండవు అన్న అర్థమిచ్చే ద్వితీయోపదేశకాండం 28 సంగతీ అంతే. టీమ్ లీడ్ అయినవాళ్లకు ఆ వచనం కేకు మీద రాయించి ఇస్తారు. ఆ అధ్యాయంలో దీవెనలు ముగిశాక మొదలయ్యే శాపాల పట్టిక దీవెనలకంటే చాలా పొడుగు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో అన్నీ చేయగలనని పౌలు అన్నది సంకెళ్లలో ఉండి. కడుపు నిండినా ఎండినా బతకడం నేర్చుకున్నానని చెప్పాక అన్న మాట అది. దాన్ని మనం సర్టిఫికేషన్ పరీక్షకు వాడుతున్నాం. పరీక్షకు ప్రార్థన చేయొద్దని కాదు నా ఉద్దేశం. కష్టంలో ఓర్చుకోవడానికి ఇచ్చిన మాటను గెలవడానికి ఇచ్చిన మాటగా మార్చి ఏళ్ల తరబడి చెబితే, ఓడిపోయిన రోజు ఆ కుర్రాడి దగ్గర ఏ వాక్యమూ మిగలదు.

కొండాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో శనివారం సాయంత్రం కూడికకు నేను తరచూ వెళ్తుంటాను. గుమ్మం ముందు చెప్పులు, బూట్లు కుప్పగా. టీవీ తెర మీద పాట, తెలుగు పాటే గానీ అక్షరాలు ఇంగ్లిషువి, ఎందుకంటే సగం మందికి తెలుగు చదవడం రాదు. సోఫా చివర కూర్చున్న అమ్మాయి ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచే ఉంటుంది, ఆ వారం ప్రొడక్షన్ సపోర్ట్ ఆమెది. సందేశం నడుస్తుండగా ఫోను మోగితే వంటగదిలోకి వెళ్లి సర్వర్ రీస్టార్ట్ చేసి వస్తుంది. చివర ప్రార్థన మనవులు చెప్పుకుంటారు, ఒకరు ఫోనులో రాసుకుంటారు. ఆన్‌సైట్, హెచ్1బి లాటరీ, పీఎఫ్ ట్రాన్స్‌ఫర్, అమ్మ మోకాలి ఆపరేషన్, తమ్ముడి సంబంధం, మేనేజరు మనసు మారాలని. ఆ జాబితా చదివినప్పుడు నవ్వొస్తుంది, వెంటనే ఆ నవ్వుకు సిగ్గూ వేస్తుంది. అందులో ప్రతి మనవి వెనకా ఊళ్లో ఒక అప్పు ఉంది. ప్రార్థన కాగానే ఒక అక్క అందరికీ బిర్యానీ వడ్డిస్తుంది, పీజీలో ఉండే పిల్లలకు వారంలో ఇంటి భోజనం అదొక్కటే. సిద్ధాంత చర్చల్లో ఈ బిర్యానీ లెక్కకు రాదు గానీ, ఎంతోమంది విశ్వాసం నిలబడింది దాని మీదే.

హైదరాబాద్‌లో వీసా ప్రార్థన మన సొత్తేమీ కాదు. చిలుకూరు బాలాజీ గుడిలో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేస్తారు. ఊరంతా ఆయన్ను వీసా బాలాజీ అంటుంది. మన దగ్గర పాస్‌పోర్టు మీద చెయ్యేసి ప్రార్థిస్తారు, వీసా వస్తే కృతజ్ఞతార్పణ ఇస్తారు. రెండు చోట్లా తిరిగేది ఒకే ఆఫీసు మనుషులు. సువార్త దగ్గర ఇంకో మాట కూడా ఉందని చెప్పకపోతే, బయటివాడు తేడా ఏమిటని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఆ జవాబు వెతుక్కోవాల్సిన అవసరం చాలా ఇళ్లలో ఒక్క రాత్రిలో వచ్చిపడింది.

ఆ ఇంకో మాట తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఉంది, ఒంగోలు దాకా వెళ్తే చాలు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఎర్రగుంట్ల పేరయ్యలాంటి బోధకుల మాట అప్పటికే చేరింది. బాప్తిస్మం ఇమ్మని వాళ్లు వచ్చి అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు నిలిపేశాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. సాయం ఆగాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్రలో ఆ అంకెనే గుర్తుంచుకున్నాం. దాని ముందు నెలల తరబడి వద్దన్న సంగతి మరిచిపోయాం. దీవెన చేతికందిన వెంటనే దాన్ని విశ్వాసానికి రుజువుగా చూపకుండా ఆగడం ఆ మిషన్‌కు తెలుసు. ఆఫర్ లెటర్ వచ్చిన వారానికే మైకు ఇచ్చే మన సంఘాలకు ఆ ఓపిక లేదు.

ఒంగోలు విశ్వాసులు ఇంకో పనీ చేశారు. చేరినవాళ్లకు పెట్టిన నియమాలు కొద్దివే, అన్నీ కూలివాడి వంట్లోకి దిగేవే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పల్లెలో మాదిగ కూలి ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకుంటాడా? కొట్టారు, పని మాన్పించారు. అయినా రామన్నారు. ధ్యాన పుస్తకం కాదు కదా, అక్షరం చదవలేనివాళ్ల నిలకడ అది. వాళ్ల మునిమనవలు ఇప్పుడు ఆదివారం రిలీజ్ వీకెండ్ ఉందంటే మారు మాట్లాడరు. నేను సబ్బాతు చట్టం మళ్లీ తెమ్మనడం లేదు, ఆస్పత్రి నర్సుకూ సర్వర్ కాపలా కాసేవాడికీ ఆదివారం పని తప్పదు. కానీ నెలలో ఒక్క ఆదివారమైనా నాది అని మేనేజరుతో తేల్చుకునే ధైర్యం గురించి ఈ కారిడార్‌లో ఒక సందేశమైనా నేను వినలేదు.

ఇక వద్దనాల్సిన అసలు చోటు. అమీర్‌పేటలో కోర్సు చేసిన కుర్రాడికి కన్సల్టెన్సీ చెప్పే మొదటి మాట అందరికీ తెలిసిందే: ఫ్రెషర్‌గా వెళ్తే ఎవరూ తీసుకోరు, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడదాం. లేని కంపెనీ పేరుతో లెటరు, పే స్లిప్పులు, ఫోను చేస్తే అవును ఇతను మా దగ్గరే చేశాడని చెప్పే ఒక మనిషి. వీడియో ఇంటర్వ్యూలో పెదవులు ఇతనివి, గొంతు ఇంకొకరిది అయిన సందర్భాలూ ఉన్నాయి. విశ్వాసుల పిల్లలు దీనికి దూరంగా ఉన్నారని ఎవరైనా అంటే నమ్మను. అలా వచ్చిన ఉద్యోగానికే సంఘంలో దేవుడు అద్భుతం చేశాడని సాక్ష్యం చెప్పిన సందర్భం నాకు తెలుసు. బీజీవీ గండం గట్టెక్కాలని, అంటే ఆ అబద్ధం కంపెనీ తనిఖీలో బయటపడకూడదని, ఉపవాస ప్రార్థన పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. అయ్యగారికి విషయం తెలియదు, లేదా తెలిసీ అడగలేదు.

ఆ కుర్రాణ్ని దొంగలా చూడటం తేలిక. తండ్రి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు, ఏళ్ల తరబడి ఫ్రెషర్లను గేటు బయటే నిలబెట్టిన మార్కెట్, చుట్టూ అందరూ అదే చేస్తున్న హాస్టలు. నేనా స్థానంలో ఉంటే ఏం చేసేవాణ్నో అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. వాక్యం ఏమంటుందన్నదే ప్రశ్న. తప్పుడు తూకం దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం పదే పదే చెబుతుంది. సువార్తలో జక్కయ్య ఉన్నాడు. యేసు తన ఇంటికి వచ్చిన రోజే అందరి ముందూ లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. రక్షణ వచ్చిందన్న మాట ఆ తర్వాత వినిపించింది. సండే స్కూల్లో చెట్టెక్కిన పొట్టివాడి కథగా నేర్పే ఈ భాగాన్ని ఐటీ ఉద్యోగులకు లెక్కల కథగా చెప్పినవాళ్లు తక్కువ. నాకు తెలిసిన ఒక తమ్ముడు ఇలా ఉద్యోగంలో చేరి, నాలుగేళ్ల తర్వాత కంపెనీ మారేటప్పుడు రెజ్యూమెలోంచి ఆ అబద్ధపు ఏళ్లు తీసేశాడు. కింది గ్రేడులో, తక్కువ జీతానికి కుదిరాడు. కూడిక నాయకుడు వద్దురా, దేవుడు క్షమించేశాడు కదా అన్నాడట. ‘క్షమించాడు కాబట్టే అన్నా తీసేయగలిగాను’ అని ఇతని జవాబు. సువార్త అర్థమైనవాడు ఎవరో ఆ సంభాషణలోనే తెలిసిపోతుంది. అతన్ని ఇప్పటిదాకా ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు.

ఈ కారిడార్‌కు ఒక పెద్ద ప్రసంగం ఉచితంగా దొరికిన రోజు 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ లెక్కలు ఏళ్లుగా ఉబ్బించినవని రామలింగరాజు ఉత్తరం రాశారు. యాభై వేలకు పైగా ఉద్యోగుల భవిష్యత్తు ఆ పూట గాల్లో తేలింది. ఆ వారం ఎన్నో చోట్ల ప్రార్థనలు జరిగాయి, ఉద్యోగాలు పోకూడదని. చిన్న అబద్ధం ఏటికేడు ఎలా పెరుగుతుందో ఆ ఉత్తరమే చెబుతుంటే, మన రెజ్యూమెల సంగతేమిటని అడిగిన పుల్పిట్ ఎక్కడో ఉండే ఉంటుంది, నా చెవిన పడలేదు. ఆ తర్వాతి దెబ్బలు వేరే రకం. 2020 మార్చిలో కోవిడ్ చర్చిలు మూయించింది, ఆరాధన జూమ్‌లోకి మారింది. 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000, అమెజాన్ 18,000 మందిని ప్రపంచవ్యాప్తంగా తీసేస్తున్నట్టు చెప్పాయి. మూడింటికీ మన దగ్గర క్యాంపస్‌లున్నాయి. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, సుమారు 12,000 మందిని తగ్గిస్తానంది. ఈ దెబ్బలకు వాగ్దాన కార్డు సరిపోలేదు. అప్పుడు హబక్కూకు చివరి అధ్యాయం చదివించిన సంఘాలు నిలదొక్కుకున్నాయని నా పరిశీలన. అంజూరం పూయకపోయినా, దొడ్లో పశువు లేకపోయినా సంతోషిస్తానన్న ప్రవక్త మాట, లేఆఫ్ మెయిల్ అందుకున్న ఇంజనీరుకు బాగానే అందింది.

సంఘాల తీరు కూడా చూడాలి. 2005లో మొదలైన కల్వరీ టెంపుల్ హైదర్‌నగర్‌లో పెద్ద మందిరాన్ని 52 రోజుల్లో కట్టామని చెబుతుంది. నెహెమ్యా యెరూషలేము గోడ పూర్తి చేసిన లెక్క అదే. 2013 జనవరి 1న ప్రారంభమైన ఆ మందిరంలో ఆదివారం ఒకదాని వెంట ఒకటి ఆరాధనలు జరుగుతాయి. సభ్యులకు కార్డులుంటాయి, హాజరు వేస్తారు, వరసగా రానివాళ్లను పలకరిస్తారు. ఆఫీసు పద్ధతి అని కొందరు నవ్వుతారు. నగరంలో మాయమైపోవడం ఇంత తేలికైనప్పుడు పిలిచి అడిగేవాళ్లు ఉండటం చిన్న విషయం కాదని నేనంటాను. దీనికి పూర్తిగా ఎదురు దిక్కు హెబ్రోను. పంజాబులో 1903లో పుట్టి, లండన్‌లో, కెనడాలో ఇంజనీరింగ్ చదివిన భక్త్ సింగ్ 1950లో హైదరాబాద్‌లో దాన్ని నెలకొల్పాడు. నేల మీద చాపలు, గంటల తరబడి ఆరాధన, అందరూ కలిసి భోజనం. ఆయన జీతం తీసుకోలేదు, డబ్బు కావాలని మనుషుల్ని అడగలేదు, బైబిలు మోకాళ్ల మీద చదివేవాడు. 2000 సెప్టెంబరు 17న, సైబర్ టవర్స్ తెరిచిన రెండేళ్లకు కన్నుమూశాడు. ఇంజనీర్లతో నిండిన కారిడార్‌లో ఇంజనీరైన ఈ బోధకుడి పేరు ఇరవై ఐదేళ్ల పిల్లల్లో సగం మందికి కొత్తే. ఆయన పద్ధతి అంతా ఇక్కడ నడవదు. మధ్యాహ్నం దాకా సాగే ఆరాధనకు నైట్ షిఫ్టు ఒళ్లు ఆగదు. ముక్క వచనం కాకుండా పుస్తకం మొత్తం చదవాలన్న ఆయన పట్టుదల మాత్రం ఇక్కడికే ఎక్కువ అవసరం.

కారిడార్ అంటే ఇంజనీర్లే అనుకోవడం మన సంఘాల ఇంకో గుడ్డితనం. అదే టవర్‌లో హౌస్‌కీపింగ్ అక్క, గేటు దగ్గర సెక్యూరిటీ తాత, క్యాబ్ నడిపే అన్న, గేటెడ్ కమ్యూనిటీలో వంట చేసే అమ్మ ఉన్నారు, వాళ్లలోనూ విశ్వాసులున్నారు. బ్యాడ్జి వేసుకున్న తమ్ముడు ఏసీ హాల్లో ఇంగ్లిషు ఆరాధనకు వెళ్తాడు, మాప్ పట్టుకున్న అక్క బస్తీలో రేకుల షెడ్డు ప్రార్థనకు వెళ్తుంది. సోమవారం ఇద్దరూ ఒకే లిఫ్టులో ఎక్కుతారు. వందనాలు అక్కా అనే ఒక్క మాటకు ఆ లిఫ్టులో ఎంత బరువుంటుందో అన్నవాళ్లకే తెలుసు. బక్కపల్చని జీతంతో, ఏ రోజు తీసేస్తారో తెలియక, అయినా దశమ భాగం పక్కన పెట్టే ఆ అక్క దగ్గర నేర్చుకోవాల్సింది ఏ యాప్‌లోనూ లేదు.

ఇంకో విషయం పైకి మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు; తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ ఎస్సీ హోదా ఇచ్చారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది, 2022లో మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర క్రైస్తవులు 1.34 శాతమే అని తేలడం వెనక ఈ సర్టిఫికెట్ నీడ ఉందని నా అనుమానం. చదువులో సీటుకు ఒక పేరు, చర్చిలో ఒక పేరు మోసిన పిల్లకు నిజాయితీ మీద ప్రసంగం చెప్పే ముందు, ఒప్పుకోలుకు ప్రభుత్వం ధర కట్టిన అన్యాయం గురించి సంఘం గొంతెత్తాలి. ప్రైవేటు ఐటీ కంపెనీ గేటు దగ్గర కుల సర్టిఫికెట్ అడగరు కాబట్టి, కొందరికి నేను ఫలానా అని చెప్పుకోగలిగిన మొదటి చోటు ఈ కారిడారే అయింది.

అందుకే కాబోలు ఇక్కడి ప్రసంగాల్లో దానియేలుకు అంత గిరాకీ. పరాయి రాజు కొలువు, పేరు మార్చి బెల్తెషాజరు అన్నారు, పరాయి భాష నేర్పారు, కొలువులో ఎవరికన్నా బాగా చేశాడు. కథలో ఇంతవరకు అందరూ చెబుతారు. రాజు బల్ల మీది భోజనం వద్దన్నది కూడా చెబుతారు, దాన్ని ఇరవై ఒక్క రోజుల ఉపవాసంతో కలిపేసి. అతని స్నేహితులు అగ్నిగుండం ముందు అన్న మాట మాత్రం కిందికి జారిపోతుంది: దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా మొక్కం. ఆ రెండో సగాన్ని కార్డు మీద అచ్చు వేసిన చర్చి నేను చూడలేదు. కీర్తనల గ్రంథంలో విలాపాలు ఎన్నో. 88వది చీకట్లోనే ముగుస్తుంది, ఓదార్పు లేకుండా. అదీ ఆరాధనలో పాడుకోవడానికి రాసిందే. ఓడిపోయినవాడి గొంతుకు దేవుడి సన్నిధిలో చోటిచ్చిన పుస్తకం అది. మన స్టేజీ మీద ఆ గొంతు లేదు.

కాబట్టి అయ్యగార్లకు, గృహ కూడికల నాయకులకు నా విన్నపం ఇదొక్కటే. వచ్చే నెల సాక్ష్యాల ఆదివారం ఆఫర్ లెటర్ వచ్చినవాళ్ల తర్వాత, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ వద్దని ఇంకా ఖాళీగా ఉన్నవాణ్ని ఒకణ్ని పిలవండి. మన మధ్య ఉన్నారు, అడిగితే బయటికొస్తారు. ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి. అతను మైకు దించాక, ఈ నెల పీజీ అద్దె ఎవరు కడతారో కూడా అక్కడే తేల్చండి.